బావగారి పథ్యం చేప

మా బావగారు చేప అనే మాటను ఇప్పటికీ నోటితో అనరు. రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు తింటున్నారు, అయినా అనరు. పథ్యం అంటారు. ఆయన అంటారు కనుక ఆయన భార్య, అంటే నా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, ఆమె కూడా పథ్యమనే అంటుంది. "పథ్యం అయిపోయినట్టుండాది, తెప్పించాల" అని ఫ్రిజ్ పైతలుపు కొంచెం తెరిచి, ముఖం పక్కకు తిప్పుకుని చెబుతుంది. చూడకుండా ఎలా తెలిసిందని నేనెప్పుడూ అడగలేదు.

మాది చిక్కబళ్ళాపురంలో మేడ ఇల్లు. కింద బావగారు, అక్క ఉంటారు. పైన నేను, మా ఆయన. మా అమ్మాయి చదువు కోసం హాస్టల్లో ఉంటుంది. వంట మాత్రం మా అత్తగారి కాలం నుంచి కింద ఒక్కచోటే. అత్తగారివాళ్ళది తరతరాలుగా గుడి పూజ చేసిన వంశం. మామగారితో ఆ పూజ ఆగిపోయింది. బావగారు చింతామణిలో కాలేజీ లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన విద్యా ఇలాఖె, అంటే విద్యాశాఖ, ఆఫీసులో గుమాస్తా. పూజ పోయినా పూజారి ఇంటి పెత్తనం మాత్రం పోలేదు. ఎవరు ఏం ముట్టుకోవచ్చు, ఏ రోజు ఏం వండకూడదు, ఇవన్నీ బావగారే తేల్చేవారు. ఆహారం శుద్ధంగా ఉంటేనే మనసు శుద్ధంగా ఉంటుందని ఇంట్లో ఉన్నప్పుడల్లా అన్నం కలుపుకుంటూ చెప్పేవారు. మేం ఆ మాట వింటూ మజ్జిగ పోసుకునేవాళ్ళం.

నేను బాగేపల్లి దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. మండికల్ శాలెలో టీచరుగా చేరిన కొత్తల్లో సర్వీసు పుస్తకం పని మీద మా ఆయన ఆఫీసుకు తిరిగి తిరిగి, చివరికి ఆయన్నే పెళ్ళి చేసుకున్నాను. మా అత్తగారు పెద్దగా గొడవ చేయలేదు. ఒక్కటే షరతు పెట్టారు. "మీ ఊర్లో నువ్వేమన్నా తిను. ఈ గడప లోపలికి ఆ వాసన రాకూడదు" అన్నారు. నేను సరేనన్నాను.

ఆ సరే అనడం గురించి చాలాకాలం గొప్పగా అనుకున్నాను. అదేదో త్యాగమని నా భావన. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పుట్టింటికి పోయినప్పుడు చేపల పులుసు తిని, రాత్రి అక్కడే తలంటుకుని, మరునాడు చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కగానే రెండు లవంగాలు నోట్లో వేసుకునేదాన్ని. బస్సు దిగేముందు ఇంకో రెండు. ముప్పై ఏళ్ళ ఆడది, అరవై మంది పిల్లలకు పాఠం చెప్పే మనిషి, దొంగతనం చేసిన పిల్లలా నోరు వాసన చూసుకుంటూ గడప తొక్కేది. ఇరవై ఏళ్ళు అలాగే గడిపాను.

మా అమ్మాయి కడుపులో ఉండగా, ఏడో నెలలో చేప తినాలని ప్రాణం లాగింది. ఆ సంగతి మా అమ్మకు ఫోనులో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మూడోరోజు పొద్దున ఆమె పులుసు కాచి, టిఫిన్ క్యారియరులో పోసుకుని, బాగేపల్లి నుంచి బస్సులో వచ్చేసింది. అత్తగారు గేటు దగ్గరే నిలబెట్టారు. మనిషి లోపలికి రావచ్చట, క్యారియరు రాకూడదట. కాలేజీ సెలవులకు ఇంటికొచ్చి ఉన్న బావగారు అరుగు మీద పేపరు చదువుతూ, తలెత్తకుండా, ఒక్కో ఇంటికి ఒక్కో నియమం ఉంటుందమ్మా, తప్పుగా అనుకోవద్దు అన్నారు. మా అమ్మ తప్పుగా అనుకోలేదు. క్యారియరు వదిలి తాను లోపలికి రావడం ఆమెకు బాగా తోచలేదు, అంతే. బస్టాండుకు తిరిగిపోయి, అక్కడ పూలు కట్టే ఆడవాళ్ళకు పులుసు పెట్టి, వాళ్ళ దగ్గర ఒక మూర మల్లెపూలు తీసుకుని ఊరికి పోయింది. తర్వాత ఎప్పుడో నవ్వుతూ చెప్పింది. నేను ఆ పొద్దున పైగది కిటికీ దగ్గర నిలబడి అంతా చూశాను. మెట్లు దిగలేదు. మా ఆయన ఆఫీసుకు పోయాడు. ఇంట్లో ఉన్నా దిగేవాడు కాదు.

అలాంటి ఇంట్లోకి రెండేళ్ళ కిందట ఎయిర్ ఫ్రయర్ వచ్చింది.

అప్పటికి అత్తగారు పోయి ఐదారేళ్ళయింది. బావగారికి గుండెనొప్పి వచ్చింది. బెంగళూరులో స్టెంట్ వేశారు. తర్వాత మనిషి బాగా చిక్కిపోయారు. తొడలు సన్నబడి, మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకునేవారు. మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరు ప్రోటీన్ చాలదన్నాడు. మా ఆయన్ను వెంటబెట్టుకుని పోయి వచ్చిన ఆ సాయంత్రం బావగారు అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పారు. డాక్టరు చేప తినమన్నాడని, వారానికి రెండుసార్లు, నూనె లేకుండా తినమన్నాడని, తనకు ఎంతమాత్రం ఇష్టం లేదని, అయితే ప్రాణం నిలుపుకోవడం కూడా ధర్మమేనని చెప్పారు. ఆపత్కాలంలో ఔషధానికి దోషం లేదట. అక్క కళ్ళు ఒత్తుకుంది. నాకూ జాలేసింది. నిజంగానే వేసింది. అరవై దాటిన మనిషి, ఎన్నడూ ముట్టనిది తినాల్సి వచ్చిందే అనుకున్నాను.

మరి ఎవరు వండాలి? అక్క తనవల్ల కాదంది, ముట్టుకోనే ముట్టుకోనంది. అందరూ నావైపు తిరిగారు.

"నీకు పుట్టింటి నుంచి వచ్చిన పనమ్మా ఇది" అన్నారు బావగారు. "నీ చేతికి తెలుసు. మావాళ్ళకు ఎట్ల తెలస్తాది?"

ఇరవై ఏళ్ళుగా ఏ పని నా చేతికి తెలియడం ఇంటికి మైల అయిందో, ఆ పని రాత్రికి రాత్రే అర్హత అయిపోయింది. నేను తల ఊపాను. అలవాటు.

ఆయన షరతులు విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కింది వంటింట్లో వండకూడదు, పై గదిలో వండాలి. ఇంటి గిన్నెలు వాడకూడదు. పొయ్యి మీద పెట్టకూడదు, ఎందుకంటే పొయ్యి అగ్ని. కరెంటు అగ్ని కాదు కాబట్టి మిషను కొంటాం. మిషనులో మూత వేసి వండుతారు కాబట్టి వాసన రాదు. చేప చేపలా ఉండకూడదు. తల, తోక, తోలు, ముల్లు ఏవీ కనిపించకూడదు. ఫిల్లెట్లని మంచు ముక్కల్లా ప్యాకెట్లలో వస్తాయి చూడండి, అవే కావాలి. చూడడానికి పనీరులా ఉంటాయి. చివరి షరతు ఇంకా గొప్పది. ఉల్లిపాయ, వెల్లుల్లి తగలకూడదు. చేప తినవచ్చుగాని వెల్లుల్లి తినకూడదా అని నేను పైకి అనలేదు. అనాల్సిన మాటలు అప్పట్లో నేను గిన్నెలు తోముతూ అనుకునేదాన్ని.

ప్యాకెట్లకు ఊర్లోనే ఒక దుకాణం ఉంది. ఫోనులో చెబితే ఇంటికి తెచ్చి ఇస్తారు. బావగారు నా పేరుతో, నా ఫోను నంబరుతో ఆర్డరు పెట్టించారు. తెచ్చినతను గేటు దగ్గర నిలబడి వీధంతా వినబడేట్టు నా పేరు పిలిచి, "మేడమ్, మీ ఫిష్" అన్నాడు. అరుగు మీద కూర్చున్న బావగారు పేపరు ఇంకొంచెం పైకి ఎత్తుకున్నారు.

మొదటిసారి వంట ఆయన చెప్పినట్టే జరిగింది. ఎవరో విదేశీ ఆమె వీడియో చూసి, లెక్చరరు దస్తూరీలో వరుస నంబర్లు వేసి రాసుకొచ్చారు. పెరుగు, నిమ్మరసం, మిరియాల పొడి, ఉప్పు పట్టించాలి. ఆ వీడియోలో అరగంట నానితే చాలని ఉంటే, ఎక్కువ నానితే ఎక్కువ శుద్ధి అవుతుందనుకున్నారో ఏమో, శనివారం పొద్దున పట్టించినది ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంచమన్నారు. నిమ్మరసంలో అంతసేపు నానిన చేప పొయ్యి ఎక్కకముందే సగం ఉడికినట్టు తెల్లబడి మెత్తబడిపోతుంది. చెప్పి చూశాను. ఆమె నీకన్నా చదువుకున్నదమ్మా అన్నారు. చుక్క నూనె రాయనివ్వలేదు. తడి తుడవనివ్వలేదు. రెండు వందల డిగ్రీల మీద ఇరవై నిమిషాలు పెట్టమన్నారు.

మిషను తెరిస్తే బుట్ట అడుగున జాలీకి గట్టిగా అతుక్కుపోయి ఉంది. గరిటెతో గీకితే పొడిపొడిగా రాలింది. పైన చెక్కలా, లోపల గుజ్జులా ఉంది. నీచు మాత్రం ఎక్కడికీ పోలేదు. బావగారు దాన్ని గిన్నెలో వేయించుకుని, చెంచాతో, కళ్ళు మూసుకుని తిన్నారు. కషాయం తాగినట్టు ముఖం పెట్టారు. అక్క కింద నుంచి, తిన్నారా, కడుపులో నిలిచిందా అని కేకేసి అడిగింది.

వాసన రాదన్న మాట సంగతి కూడా ఆరోజే తేలిపోయింది. ఆ మిషనులో ఫ్యాను తిరుగుతుంది. లోపలి గాలినంతా వెనక చిల్లుల్లోంచి బయటికి కొడుతుంది. దాని వెనుకే కిటికీ, కిటికీ అవతల పక్కింటి మేడ. పెనం మీద వేయిస్తే వాసన ఇంట్లో తిరిగేది. ఇది వీధికి పంచిపెట్టింది. సాయంత్రం పక్కింటామె గోడ మీంచి అక్కను అడిగింది, మీ ఇంటి నుంచే వచ్చిందా అని. అక్క తడుముకోకుండా, పైన మా చెల్లెలు ఏదో చేసుకుంటుందమ్మా, వాళ్ళకు మామూలే అంది. నేను మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ విన్నాను. బట్టలు మడతపెట్టుకుని లోపలికి వచ్చేశాను.

ఆ బుట్ట కడగడానికి నేనూ మా ఆయనా పెరట్లో కూర్చున్నాం. పీచుతో ఎంత రుద్దినా జాలీ సందుల్లోది వదలడం లేదు. విసుగొచ్చి, ఆ డాక్టరు ఎవరో గాని గుడి పూజ చేసిన ఇంటి మనిషికి చేప రాసిచ్చే ముందు ఒక్కమాట అడగకూడదా అన్నాను. పప్పులు లేవా, పాలు లేవా అన్నాను.

మా ఆయన బుట్టలో ఇంకో చెంబు నీళ్ళు పోశాడు. తర్వాత, "అడిగినాడు" అన్నాడు.

"ఏమని?"

"చేపలు తినే అలవాటు ఉండాదా అని. అలవాటు లేకుంటే పప్పులు, సోయా రాసిస్తానన్నాడు."

"బావ ఏమన్నాడు?"

"ఉండాది అన్నాడు."

పీచు నా చేతిలోనే ఆగిపోయింది. ఉండాది. ఆ ఒక్క మాట వెనుక ఎన్నేళ్ళున్నాయో అప్పుడు లెక్కకు వచ్చింది. చింతామణిలో ఉద్యోగం చేసినన్నాళ్ళు బావగారు అక్కడే గది తీసుకుని ఉండేవారు. సోమవారం పొద్దున పోయి శనివారం సాయంత్రం వచ్చేవారు. వచ్చేటప్పుడు నోట్లో ఎప్పుడూ వక్కపలుకు ఉండేది. రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా స్నానానికి పోయేవారు. ఎంత మడి, ఎంత నిష్ఠ అని మా అత్తగారు మురిసిపోయేవారు. నా లవంగాలకూ ఆయన వక్కకూ తేడా ఏమీ లేదు. నేను తిని దాచుకున్నాను. ఆయన తిని దాచుకుని, పైగా మా అమ్మను గేటు దగ్గర నిలబెట్టి నియమం చెప్పారు.

ఇన్నాళ్ళుగా ఈ సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నారా అని మా ఆయన్ను అడిగాను. చెబితే ఏమొస్తాది, ఇంట్లో మాటలు పెరగతాయి అన్నాడు. ఆయన జీవితమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. బుట్టను అక్కడే వదిలేసి లేచి పైకి పోయాను. మరునాడు చూస్తే తళతళలాడుతూ బోర్లించి ఉంది. ఆయనే కడిగినట్టున్నాడు.

అన్నీ తెలిశాక కూడా నేను మళ్ళీ వండాను. ఎందుకంటే ఆ పొడిపొడి గుజ్జు నా చేతి వంటగా ఆ ఇంట్లో నిలిచిపోవడం నాకు సహించలేదు. బావగారి మీద జాలి పోయింది. పంతం మిగిలింది.

ఆ వారంలోనే చింతామణిలో మాకు ట్రైనింగ్ పడింది. అది అయ్యాక చేపల అంగళ్ళకు పోయాను. అక్కడొకామె కొర్రమీను ముందేసుకుని కూర్చుంది. ముల్లు తీసి, తోలు తీసి, పలకలుగా కోసివ్వమన్నాను. ఆమె కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ముల్లూ వద్దు, తోలూ వద్దు. యారికమ్మా, పసిబిడ్డకా?"

"అవునమ్మా. అరవై రెండేళ్ళ పసిబిడ్డకు."

ఆమె నవ్వలేదు. మనసు పెట్టి నడిమి ముల్లు లాగేసి, తోలు ఒలిచి, అరచేతి మందాన ముక్కలు కోసి, మంచు వేసి కట్టి ఇచ్చింది. తోలూ తలా పారేయొద్దు, పులుసుకు బాగుంటాయి అని విడిగా పొట్లం కట్టింది. ఆ పొట్లం తీసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమెకే వదిలేసి బస్సెక్కాను.

బస్సులోంచే మా అమ్మకు ఫోను చేశాను. మిషను సంగతి ఆమెకు అర్థం కాలేదు. నిప్పు లేకుండా యాడైనా కాల్తాదా అంది. మసాలా సంగతి మాత్రం గబగబా చెప్పేసింది. ముందు ఉప్పూ పసుపూ పట్టించి అరగంట పెట్టాలి, ఊరిన నీళ్ళన్నీ పిండెయ్యాలి, గుడ్డతో అద్దాలి, నీచంతా ఆ నీళ్ళలో పోతుంది. ఆ తర్వాతే కారం, ధనియాల పొడి, పొట్టుతోనే దంచిన వెల్లుల్లి, అల్లం, కొంచెం చింతపండు గుజ్జు, పట్టు నిలవడానికి ఒక చెంచా బియ్యప్పిండి. పులుపు ఎక్కువసేపు ఉంచొద్దు, ముక్క చచ్చిపోతాది అంది.

ఆమె చెప్పినట్టే చేశాను. బావగారిని దేనికీ అడగలేదు. మిషను ముందే వేడెక్కించాను. జాలీకీ ముక్కలకూ నూనె రాశాను. ముక్కకు ముక్క తగలకుండా నాలుగే పేర్చాను. నూట ఎనభై మీద ఏడు నిమిషాలు, తిప్పి ఇంకో నాలుగు. అంచులు ఎర్రగా కరకరలాడుతూ, చిదిమితే లోపల రేకలు రేకలుగా విడిపోతూ వచ్చాయి. నిజం చెప్పాలంటే పెనం మీద కాలినంత రుచి రాదు. పెనం మీద మసాలా మాడి ఒక వాసన వస్తుంది, అది గాలికి రాదు. అయినా అది వంట. తినేవాడు కళ్ళు తెరుచుకుని తినవచ్చు.

బావగారు తెరుచుకునే తిన్నారు. నాలుగూ తిన్నారు. వెల్లుల్లి గురించి ఒక్క మాట అనలేదు. కంచం అంచున మిగిలిన కారాన్ని వేలితో తీసి నాకడం కూడా చూశాను. చేయి కడుక్కుని వచ్చి తమ్ముడితో, "మిషను శానా బాగుండాదప్పా. దుడ్డు పెట్టినందుకు పనికొచ్చింది" అన్నారు.

దాని తర్వాత వారానికి రెండుసార్లు అదే వరస. నేను ఊరబెట్టడం, కాల్చడం, ఆయన మేడెక్కి వచ్చి మా ముందుగదిలో కూర్చుని తినడం, మిషనును మెచ్చుకోవడం. ఆయన తొడలకు బలం వచ్చింది. గోడ పట్టుకోకుండా మెట్లెక్కేవారు. నియమాల గురించి మళ్ళీ మాట్లాడడం కూడా మొదలైంది. పక్కవీధి పెళ్ళిలో కోడిగుడ్డు వేసిన కేకు కోశారని ఒకరోజు అరగంట బాధపడ్డారు. బాధపడింది మా ముందుగదిలోనే. చేతిలో చేపముక్క ఉంది.

ఇలా నాలుగైదు నెలలు గడిచాక ఒక ఆదివారం పొద్దున పదకొండు గంటలప్పుడు వాళ్ళ చిన్నాన్న వచ్చాడు. చిన్నాన్న అంటే మామగారి పినతండ్రి కొడుకు. విదురాశ్వత్థ దగ్గర పల్లెలో ఉంటాడు. ఆ చుట్టుపక్కల బంధువులందరికీ పెద్ద దిక్కు. ఏదో బంధువుల కూటమిలో కుర్రకారుకు ఆచార వ్యవహారాల గురించి నాలుగు మాటలు చెప్పాలని బావగారిని పిలవడానికి వచ్చాడని తర్వాత తెలిసింది. అక్క గుడికి పోయింది. కింద ఎవరూ కనిపించక మాట వినబడిన దిక్కుగా మెట్లెక్కి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

బావగారు స్టూలు ముందేసుకుని కూర్చుని ఉన్నారు. నేను లోపలి గదిలో మిషను దగ్గర ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. ఇంకో రెండు నిమిషాలున్నాయి గంట కొట్టడానికి.

"యాందప్పా ఈ వాసన? ఈ ఇంట్లోనా?" అన్నాడు చిన్నాన్న.

బావగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. అంత సులభంగా అన్నారు కాబట్టే నాకు అంత బాగా గుర్తుండిపోయింది.

"మా తమ్ముని భార్యది చిన్నాన్నా. వాళ్ళ ఇంటి అలవాటు, ఎంత చెప్పినా యాడ పోతాది? మనమే సర్దుకోవాల."

చిన్నాన్న జాలిగా తల ఆడించాడు. ఆ జాలి బావగారి మీద. ఇంతటి మనిషికి ఇదేం కర్మ అన్నట్టు. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నావైపు చూసి వెంటనే చూపు దించుకున్నాడు.

నేను చాలా నింపాదిగా ఉన్నాను. గంట కొట్టిందాకా ఆగాను. బుట్ట లాగి, నాలుగు ముక్కలూ తీశాను. బావగారికి పథ్యం కోసం విడిగా ఒక స్టీలు కంచం ఉంది, ఆయన రిటైరయినప్పుడు ఎవరో ఇచ్చింది, అంచు మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది. దాంట్లో ముక్కలు పెట్టి, పక్కన నిమ్మచెక్క పెట్టి, తీసుకుపోయి స్టూలు మీద, పేరు చిన్నాన్నకు కనబడేట్టు పెట్టాను.

"బావా, మీ పథ్యం" అన్నాను. "చల్లారితే బాగుండదు."

చిన్నాన్న కంచం చూశాడు. అంచు చదివాడు. బావగారి చెవులు ఎర్రబడ్డాయి.

"డాక్టరు బలవంతం చేసినాడు చిన్నాన్నా" అన్నారు.

"డాక్టరు బలవంతం చేయలేదు" అన్నాను నేను. "అలవాటు ఉండాదా అని అడిగినాడు. ఈయన ఉండాది అన్నాడు."

చిన్నాన్న ముక్కు మీది పైపంచె దించాడు. ఆడదాని మాటకు సాక్ష్యం మగవాడే చెప్పాలి కనుక మా ఆయనవైపు తిరిగాడు. ఇరవై ఏళ్ళుగా ఏ గొడవలోనూ నోరు విప్పని మనిషి ఆయన. ఇప్పుడు మాత్రం ఎందుకు విప్పుతాడు అనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు.

"నేను పక్కనే ఉంటిని చిన్నాన్నా" అన్నాడు.

అంతే అన్నాడు. అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ లేదు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆయనకు అది చాలా పెద్ద మాటని నాకు తెలుసు కనుక, దానికీ ఆనాటి బుట్టకూ కలిపి ఆయన్ను కొంత క్షమించాను.

చిన్నాన్న మంచినీళ్ళు కూడా తాగకుండా మెట్లు దిగిపోయాడు. కూటమి సంగతి ఎత్తనే లేదు. గేటు చప్పుడయ్యాక కూడా బావగారు అలాగే కూర్చున్నారు. లేచి కిందికి పోతారనుకున్నాను, కంచం తోసేస్తారనుకున్నాను, నన్ను నాలుగు తిడతారనుకున్నాను. అవేవీ చేయలేదు. కాసేపటికి నిమ్మచెక్క తీసుకుని పిండుకున్నారు. చల్లారిన ముక్కలే నాలుగూ తిని, చేయి కడుక్కుని వెళ్ళారు.

ఆ మనిషిని ద్వేషించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆ నిమ్మచెక్క పిండుకోవడం చూశాక ద్వేషం కూడా దండగ అనిపించింది.

అక్క పదిరోజులు నాతో మాట్లాడలేదు. ఇంటి పరువు బజారున పెట్టానని మా ఆయనతో చెప్పించింది. నేను ఇంక పథ్యం వండనని కూడా ఆయనతోనే చెప్పించాను. పై గదిలో గ్యాసు పొయ్యి పెట్టించుకున్నాను, ఒక ఇనప పెనం కొన్నాను. ఆదివారం చింతామణి పోయి తలతోసహా చేప తెచ్చుకుంటాను. పెనం మీద వేయించుకుంటాను, పులుసు కాచుకుంటాను. కిటికీలు మూయను. మా ఆయన తినడు. చారన్నంలోకి ఉర్లగడ్డల వేపుడు, అంటే బంగాళాదుంపల వేపుడు, నంజుకుంటూ నా పక్కనే కూర్చుంటాడు. ముల్లు జాగ్రత్త అంటాడు, చిన్నప్పటి నుంచి చేపలు తిన్నదాన్ని నన్ను పట్టుకుని.

బావగారి మిషను ఇప్పుడు కింది వంటింట్లోనే ఉంది. అగ్ని, కరెంటు, గడప, అన్నీ ఎలాగో సర్దుకున్నాయి. తనే వండుకోవడం నేర్చుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, చిన్న త్రాసులో ముక్క తూచి, నోటుపుస్తకంలో డిగ్రీలు, నిమిషాలు రాసుకుంటూ వండుతారు. మొదటి నెలంతా మాడ్చారు. ఇప్పుడు బాగానే వస్తుందట. వెల్లుల్లి అక్క ఒలిచి ఇస్తుంది. ఎవరైనా ఇంటికొస్తే ప్రోటీన్ మీద, వేడిగాలి సిద్ధాంతం మీద పాఠం చెబుతారు. మిషనులో ఏం వండుతారని అడిగితే మాత్రం అన్నీ అంటారు.

మొన్న నేను శాలె నుంచి వచ్చేసరికి బావగారు అరుగు మీద ఫోనులో మాట్లాడుతున్నారు. నన్ను చూసి, ఇదో వచ్చింది, ఆమెకే బాగా తెలుసు అని ఫోను నా చేతికిచ్చారు. అవతల చిన్నాన్న. ఆయనకు కూడా ఈమధ్య కాళ్ళలో బలం తగ్గిందట, డాక్టరు ఏదో చెప్పాడట. ఆ మిషను ఏ సైజుది తీసుకుంటే మంచిదమ్మా అని అడిగాడు. గొంతులో ఎంత మర్యాదో.

"దాంట్లో ఏం చేసుకునేదానికప్పా?" అని అడిగాను.

అవతల ఆయన దగ్గాడు. తర్వాత, "ఉర్లగడ్డలు" అన్నాడు.

ఉర్లగడ్డలకైతే మిషను ఎందుకప్పా, ఇంట్లో ఉన్న పెనం చాలు అని చెప్పి ఫోను బావగారికి ఇచ్చేసి మేడెక్కాను.